నా చావుకు సగం పూట సెలవు

11 నవంబర్ 2024, సూర్యాపేట

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. డైరీ జనవరిలో కొన్నాను. ఇన్ని నెలల్లో అందులో నాలుగు ఫోన్ నంబర్లు తప్ప ఏమీ పడలేదు. డెబ్బై ఏళ్లవాడి రోజుల్లో రాయడానికేముంటుంది? బీపీ గోళీ వేసుకున్నాను. కరెంటు పోయింది. వచ్చింది. ఇవాళ పెన్ను పట్టడానికి కారణం మా గీత.

గీత నా కూతురు అనురాధ బిడ్డ. కోదాడలో ఒక ప్రైవేట్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. మిగిలిన టైమంతా ఫ్రెండ్స్‌తో కలిసి యూట్యూబ్‌కు షార్ట్ ఫిల్ములు తీస్తుంది. పొద్దున్నే ఫోన్ చేసి, తాతా నాకో విలన్ గావాలె అంది, కొత్తిమీర కట్ట అడిగినట్టు. ఎసొంటోడు గావాలె బిడ్డా అన్నాను. సూడంగనే తన్నాలనిపియ్యాలె, కని ఆఖరుకు వాని కోసమే ఏడుపు రావాలె అంది.

నన్నే ఎందుకు అడిగిందంటే, సూర్యాపేట బస్టాండు వెనక ముప్పై ఒక్క ఏళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపాను. బడి చదువు ఏడో తరగతి మధ్యలో ఆగింది. ఆ తర్వాత చదివినదంతా ఆ షాపులోనే. ఎవరూ తీసుకుపోని పుస్తకాలు ముందు చదివాను, అందరూ తీసుకుపోయేవి వాళ్లు తిరిగి తెచ్చాక చదివాను. ఎంత లేదన్నా రెండు వేల మంది విలన్లు నా చేతుల మీదుగా పోయారు, వచ్చారు. కొందరు అట్టలు చిరిగి వచ్చారు.

సరే రాస్తాను అన్నాను. కల్పించే శ్రమ లేదు. నాకు సొంత విలన్ ఒకడున్నాడు. అది గీతకు తెలియదు.

12 నవంబర్

ఎర్రయ్య. మా అన్న. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. మిర్యాలగూడలో కొడుకు జగదీష్ దగ్గర ఉంటాడు.

మాది తుంగతుర్తి పక్క ఊరు. గొర్రెలవాళ్లం. ఎండాకాలంలో పొలాలు ఖాళీ అయ్యాక మందను దక్షిణానికి తోలుకుపోయి రైతుల పొలాల్లో రాత్రిళ్లు పడుకోబెట్టేవాళ్లం. గొర్రెల ఎరువు పొలానికి బలం. మందకు అటు ఒకడు, ఇటు ఒకడు పడుకోవాలి. ఒక్కడే ఉంటే తోడేలుకు రెండో వైపు దారి ఇచ్చినట్టే. తోడేళ్ల గురించి ఇప్పుడు ఎవరికీ తెలియదు కానీ, అది కుక్కలా మొరగదు, చుట్టంలా వస్తుంది. ఆ సంగతి ఇంకోసారి. నాయన పోయాక ఆ రెండో వైపు ఖాళీ అయింది. అన్న చూపు నా మీద పడింది.

నేను తుంగతుర్తి బళ్లో ఏడో తరగతి. పన్నెండేళ్లు. శ్యాంసుందర్ సార్ అని ఒక మహానుభావుడు, నేను బడి మానేస్తున్నానని తెలిసి మూడుసార్లు మా ఇంటికి వచ్చాడు. పరీక్ష అయ్యేదాకా ఆగండి, పిల్లవాడు పాసైపోతాడు అని బతిమాలాడు. మా అమ్మ సోమమ్మ, పెద్దోడు ఎట్లంటె గట్లనే సారూ అంది. ఆయన నాలుగోసారి రాకుండా ఉండటానికి మా అన్న ఒక ఉపాయం చేశాడు. బడికి పోయి, మా తమ్ముడు సచ్చిపోయిండు సార్, వాంతులు బేదులయినయి అని చెప్పి వచ్చాడు.

అంతే. ఆ పూటే మందతో బయలుదేరాం. నాకేం తెలుసు? సంచిలో లెక్కల పుస్తకం కూడా పెట్టుకున్నాను.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక ఆఫీసులో అటెండర్ పనికి ఏడో తరగతి దాకా చదివినట్టు కాగితం కావాల్సి వచ్చింది. బడికి పోయాను. గుమాస్తా పాత రిజిస్టర్ తీశాడు. నా పేరు మీద వేలు పెట్టాడు. నా ముఖం చూశాడు. మళ్లీ రిజిస్టర్ చూశాడు. ఈ పిలగాడు సచ్చిపోయిండు కదనయ్యా అన్నాడు. పేరు పక్కన శ్యాంసుందర్ సార్ చేతిరాత, ఎర్ర సిరా. మృతి. ఆ రోజు బడికి మధ్యాహ్నం నుంచి సెలవు ఇచ్చినట్టు కూడా రాసి ఉంది. నా చావుకు నా తోటి పిల్లలు సగం పూట సెలవు అనుభవించారన్నమాట. అందులో ఒకడు తర్వాత కలిసి చెప్పాడు. ఆ పూట అందరూ బావిలో ఈత కొట్టారట. మస్తు మజా వచ్చిందట.

కాగితం రాలేదు. పని రాలేదు. చచ్చినవాడికి కాగితం ఇవ్వడానికి ఆ గుమాస్తాకు రూలు దొరకలేదు.

ఇంటికి పోయి అన్నను అడిగాను. గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. కత్తెర ఆపలేదు. బతికే ఉన్నవ్ గదరా, ఇంకేంది అన్నాడు. నవ్వాడు.

చేసిన పనికన్నా ఆ నవ్వు ఎక్కువ. నా పెళ్లిలో మా అత్తగారి వైపు వాళ్లకు దాన్నే జోకుగా చెప్పాడు. మా వోడు ఒక్కపారి సచ్చి లేసిండు, ఇగ మీ పిల్లకు ఫికర్ లేదు అన్నాడు. పందిరంతా నవ్వింది. తలంబ్రాల పళ్లెం ముందు కూర్చున్న నా భార్య కూడా.

నాకు కావలసింది ఒక్క మాట. తప్పైంది తమ్మీ. యాభై ఏళ్లుగా దాని కోసమే కాచుకుని ఉన్నాను. అన్నకు కిడ్నీలు పాడయ్యాయని, డాక్టర్ ఏడాది అన్నాడని పోయిన నెల జగదీష్ చెప్పాడు. ఆయన పోతాడని కాదు నా బాధ. ఆ మాట చెప్పకుండా పోతాడని.

15 నవంబర్

ఆరు పేజీలు అయ్యాయి. విలన్ పేరు బుచ్చన్న. మూడుచోట్ల ఎర్రయ్య అని రాసి కొట్టేశాను.

20 నవంబర్

గీత సూర్యాపేట వచ్చి చదివింది. చదువుతూనే తీరిగ్గా టీ ఊదుకుని తాగింది. అదే తీర్పు అని అప్పుడే అర్థమైంది నాకు. తాతా, గీ బుచ్చన్న లేస్తే తిడతడు, తింటె తిడతడు, ఆఖరుకు గొర్రెను గూడ తిడతడు, గిసొంటోడు యాడ ఉంటడే అంది. ఉంటడు అన్నాను. ఉంటె, ఒక్కడే ఉన్నప్పుడు ఏం జేస్తడు అంది. ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

మా షాపుకు ఒక టీచరమ్మ వచ్చేది. వారానికి మూడు నవలలు. తిరిగి తెచ్చిన పుస్తకంలో విలన్ పేరు వచ్చిన ప్రతిచోటా హెయిర్‌పిన్నుతో గీకి ఉండేది. జరిమానా వేద్దామనుకుని, ఆమె ఎక్కడెక్కడ గీకుతుందో చూద్దామని ఊరుకున్నాను. చూస్తే ఒక విచిత్రం. నాలుగు హత్యలు చేసినవాడి పేరు మీద సన్నటి గీతలు. తింటున్న కోడలి ముందు నుంచి కంచం లాగేసినవాడి పేరు ఉన్నచోట కాగితానికి బొక్క. అప్పటి నుంచి నాకు తెలిసిపోయింది. జనం పెద్ద పాపాలను చదువుతారు. చిన్న పాపాలను ద్వేషిస్తారు. ఎందుకంటే హత్య ఎవరింట్లోనూ జరగలేదు, కంచం ప్రతి ఇంట్లోనూ లాగారు.

అదే ఆమె ఇంకో పుస్తకం తెచ్చింది. అందులో ఒక దుర్మార్గుడు ఊరినంతా ఏడిపించి ఇంటికొచ్చి, ఎవరూ లేని వంటింట్లో నిలబడి, చల్లారిన చారు గిన్నెతోనే ఎత్తి తాగుతాడు. ఆ పేజీలో ఒక్క గీత లేదు. ఏమమ్మా వీణ్ని వదిలేశావు అని అడిగాను. పాపం, వేడి చేసుకోవడం రాదేమోనండీ అంది.

కాబట్టి ఇంతే. ఒకణ్ని అసహ్యించుకోవాలంటే వాడు ఎదుటివాడికి చేసింది చూడాలి. జాలి పడాలంటే వాడు ఒక్కడే ఉన్నప్పుడు చూడాలి. గీతకు ఇదంతా చెప్పాను. గదే నేనన్నది అంది.

మా అన్న ఒక్కడే ఉన్నప్పుడు నేను చూడలేదు. ఎట్లా చూస్తాను? నేను చూస్తే ఇద్దరం అయినట్టే కదా.

21 నవంబర్, ఉదయం 5.10

రాయను. నా విలన్, నా ఇష్టం.

27 నవంబర్

రాశాను.

మా దిక్కు చావు కబురు చెవిన పడితే బట్టలతోనే స్నానం చేయాలి. చేసేదాకా పొయ్యి ముట్టరాదు, పిల్లను ముట్టరాదు, గొర్రెను ముట్టరాదు. అది మైల. ఇప్పుడు ఫోన్లలో కబుర్లు వస్తున్నాయి కాబట్టి జనం నెత్తిన చెంబెడు చల్లుకుని సరిపెడుతున్నారు. ఒకాయన బస్సులో ఉండగా కబురొస్తే బాటిల్ మూతతో నెత్తిన పోసుకోవడం చూశాను.

నేను రాసింది ఇది. బుచ్చన్న బడిలో ఆ అబద్ధం చెప్పి బయటికి వస్తాడు. గేటు దాటాక ఒక గొర్రెపిల్ల కాళ్లకు అడ్డం వస్తుంది. ఎత్తుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. చావు మాట నోట్లోంచి వచ్చింది. అబద్ధమైతే ఏం, నోరు పలికింది కదా. దానికి మైల ఉంటుందా ఉండదా? అడగడానికి ఎవరూ లేరు. అడిగితే దొరికిపోతాడు. దారిలో బావి కనబడితే బట్టలతో దిగి మూడు మునకలు వేస్తాడు. ఆ రోజు అన్నం ముట్టడు. మధ్యాహ్నం చెట్టు కింద తమ్ముడు నిద్రపోతే, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడు. రెండుసార్లు.

ఆఖరి సీన్‌లో ముసలి బుచ్చన్న తమ్ముడికి ఇదంతా చెప్పి ఒక డైలాగ్ అంటాడు. నోటితోని సంపిన తమ్మీ. నీళ్లతోని కడుక్కున్న. పోలే. తప్పైంది తమ్మీ. తమ్ముడు ముఖం తిప్పుకుంటాడు. ఖతం.

ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆ రోజు మా అన్న వచ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. పచ్చిపులుసుతో. నా కళ్లతో చూశాను.

రాసి చదువుకుంటే నా కళ్లు తడిశాయి. సిగ్గేసింది. ఆయన తరఫున వకీలుగా నిలబడ్డది చివరికి నేనే.

14 డిసెంబర్, నడిగూడెం

షూటింగ్. పొద్దున ఆరింటికి నన్ను కూడా కారులో వేసుకుపోయారు. కెమెరా గోపిది, గీత క్లాస్‌మేట్. చూసిపెట్టుకున్న బావి తీరా పోతే ముళ్లకంపతో, ప్లాస్టిక్ సంచులతో నిండి ఉంది. దింపితే మనిషి తిరిగి పైకి రాడు. గోపి కారు తిప్పి సాగర్ కాలువ దగ్గరికి తోలాడు. నిండుగా పారుతోంది. నేను ఒప్పుకోలేదు. ఇరవై మైళ్లు పోయినా మా దిక్కు ఆ రోజుల్లో కాలువ అనేది లేదు, ఏప్రిల్‌లో వాగులో చెంబు ముంచడానికి నీళ్లు ఉండేవి కావు అని మొత్తుకున్నాను. సూసెటోళ్లకు నీళ్లు గావాలె తాతా, చరిత్ర గాదు అన్నాడు గోపి. గీత నా వైపు మాట్లాడలేదు.

బుచ్చన్న వేషం అబ్రహాంది. కోదాడలో ఆటో నడుపుతాడు, చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేస్తాడు. మాట ఆంధ్రా వైపు. ఏం పెద్దాయనా, వీడు మంచోడా చెడ్డోడా ముందది తేల్చండి, దాన్నిబట్టి మీసం పెట్టుకుంటాను అన్నాడు. సగం పెట్టుకో అన్నాను. నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

నా చిన్నప్పుడు ఊళ్లో భాగోతం ఆడేవాళ్లలో రాక్షసుడి వేషం వేసే ఆయన ఒకడుండేవాడు. రాత్రి ఆట అయ్యాక పొద్దున వడ్ల కోసం ఇంటింటికీ వస్తే ఆడవాళ్లు ఆయనకు మాత్రం తలుపు తీసేవాళ్లు కాదు. రాజు వేషానికి చాటెడు, రాక్షసుడికి కుక్క. ఆయన గడప ముందు నిలబడి, రాక్షసుడు కొడుకు చచ్చినప్పుడు ఏడ్చే పాట అందుకునేవాడు. రెండో చరణానికి తలుపు తెరుచుకునేది. మా అమ్మ అయితే రెండు చాటలు పోసేది. రంగు కడుక్కోకుండా వచ్చేవాడని ఇప్పుడు గుర్తొస్తోంది. కావాలనే అయ్యుంటుంది.

అబ్రహాం కాలువలో మూడు మునకలు వేశాడు. డిసెంబర్ నీళ్లు. గజగజ వణికాడు. గోపికి ఆ వణుకు బాగా నచ్చింది. తర్వాత ముసలి వేషంలో ఆఖరి డైలాగ్. నోటితోని సంపిన తమ్మీ, నీళ్లతోని కడుక్కున్న, అని ఆగిపోయాడు. తర్వాతి మాట మరిచిపోయాడు. కళ్లు పైకి తిప్పి వెతుక్కున్నాడు. నేను లెక్కపెట్టాను, మూడు ఊపిర్లు. అప్పుడు, పోలే, అన్నాడు. మళ్లీ తీస్తారనుకున్నాను. గోపి కెమెరా దించి, అబ్రహాం సంపేసిండు అన్నాడు. మరుపును నటన అనుకున్నారు. పోనీలే.

తమ్ముడి వేషం గోపి మేనమామది. ముఖం తిప్పుకోవడమే పని. బాగానే తిప్పుకున్నాడు.

1 జనవరి 2025

యూట్యూబ్‌లో పెట్టి వారమైంది. పేరు ఇంగ్లిష్‌లో పెట్టారు. నాకు నచ్చలేదు, ఇక్కడ రాయను. రెండు లక్షల మంది చూశారట. గీత ఫోన్‌లో కామెంట్లు చదివి వినిపించింది. అన్న అంటే గిట్లుండాలె. బుచ్చన్నా నీకు దండం. ఒకాయన ఏడుపు బొమ్మలు పన్నెండు పెట్టాడు. ఆ తమ్మునికి గుండె ఉందా, రాయి ఉందా. తమ్ముడే అసలు విలన్. దీనికి నాలుగు వేల లైకులు.

చచ్చింది నేను. జనం ఏడ్చింది చంపినవాడి కోసం. రాసిందీ నేనే. ఇక ఎవరిని అనాలి?

9 జనవరి

జగదీష్ ఫోన్. చిన్నాయినా, గా యూట్యూబ్ పిక్చర్ నువ్వు రాసినవట గదా అన్నాడు. నాయిన పదకొండు పార్లు సూసిండు, సూసినప్పుడల్లా ఏడుస్తుండు, గది నేనేరా అంటుండు, నిన్ను రమ్మంటుండు అన్నాడు. డయాలసిస్ మొదలైంది, వారానికి రెండు. మనిషి సగమయ్యాడు.

చెప్తాడు. ఈసారి చెప్తాడు.

19 జనవరి, మిర్యాలగూడ నుంచి వచ్చాక

పొద్దున ఏడింటి బస్సు. కొత్త చొక్కా వేసుకున్నాను. పెళ్లికి పోతున్నవా నాయినా అని అనురాధ అడిగింది. ఏం చెప్పాలో తెలియక అవునన్నాను.

జగదీష్ ఇల్లు మిల్లుల వెనక. వీధంతా ఊక దుమ్ము, ముక్కులో తౌడు వాసన. వదిన జానమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఇన్నొద్దులకు దొరికినవా మట్టయ్యా, ఫోన్ జేస్తె ఎత్తవాయె, పండుగకు రావాయె అని చేయి పట్టుకుంది. లోపల టీవీ ముందు మంచం. మంచంలో మా అన్న. ఒకప్పుడు ఒక చేత్తో పొట్టేలును ఎత్తి అవతల పెట్టినవాడు. దిండు ఎత్తుకోలేక కోడలిని పిలుస్తున్నాడు.

తమ్మీ, ఇటు కూసో అన్నాడు. ఆయన నన్ను తమ్మీ అని పిలవడం నాకు గుర్తు లేదు. ఎప్పుడూ ఓయ్ అనేవాడు, లేకపోతే సచ్చిలేసినోడా అనేవాడు. కూర్చున్నాను. వదిన, జగదీష్, కోడలు చుట్టూ చేరారు. జగదీష్ టీవీ ఆపాడు.

అన్న మొదలుపెట్టాడు. గా దినం స్కూల్ల జెప్పి బయటికొచ్చిన, కాళ్లు వొణుకుతున్నయి అన్నాడు. గొర్రెపిల్ల ఎదురొచ్చింది, ముట్టబుద్ది గాలే అన్నాడు. నోరు పలికింది గదా, మైల గాదా అనుకున్న అన్నాడు. నేను ముందుకు వంగాను. అప్పుడు అన్నాడు. కాలువ కాడికి వోయిన, బట్టలతోనే దిగిన, మూడు మునకలేసిన.

కాలువ.

ఇంకా ఆశ చావక, నీళ్లు ఎట్లుండెనే అన్నా అని అడిగాను. అబ్బో, మంచు తీర్గ ఉండె, గజగజ వొణికిన అన్నాడు. తుంగతుర్తిలో. ఏప్రిల్‌లో. వడగాలికి పిట్టలు రాలే నెలలో.

తర్వాత నా చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు చల్లగా, దూదిలా ఉన్నాయి. నోటితోని సంపిన తమ్మీ అన్నాడు. నీళ్లతోని కడుక్కున్న అన్నాడు. ఆగాడు. కళ్లు పైకి తిప్పాడు. నేను లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. పోలే అన్నాడు. తప్పైంది తమ్మీ అన్నాడు.

యాభై ఏళ్లుగా కాచుకున్న మాట. నా చెవులతో విన్నాను. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఎందుకు పోతుంది, నేను రాసిందే కదా. అబ్రహాం మరుపుతో సహా అప్పజెప్పాడు.

వదిన చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గింత బాధ కడుపుల వెట్టుకొని ఎట్లున్నవయ్యా ఇన్నొద్దులు, మాకన్న జెప్పకపోతివి అని ఆయన కాళ్లు పట్టుకుంది. జగదీష్ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. చిన్నాయినా, నువ్వన్న ఒక మాటను, పెద్దమనిషి గంతగనం ఏడుస్తుంటె అన్నాడు. నలుగురూ నన్నే చూస్తున్నారు. నాలుగు వేల లైకుల కామెంట్ వాళ్ల ముఖాల మీద చదివాను.

లేచి ముఖం తిప్పుకుందామనుకున్నాను. అది కూడా నేను రాసిందే. చేయడానికి నాకంటూ ఒక్క పని మిగల్చుకోలేదు.

సరే తియ్యే అన్నా అన్నాను. బువ్వ తిని పొమ్మన్నారు. తిన్నాను. కోడలు కోడి వండింది. మూడింటి బస్సు దొరికింది.

20 జనవరి

అబద్ధం చెప్పాడా? లేదు. చెప్పేటప్పుడు ఆయన కళ్లు చూశాను. ఆ కాలువలో నిజంగానే దిగాడు, ఆయన తలలో. ఈ పాటికి అడుగున బురద కూడా తగిలి ఉంటుంది.

మధ్యాహ్నం ఒక ఆలోచన వచ్చింది. షాపు నడిపే రోజుల్లో నా దగ్గర అర్జీలు రాయించుకునేవాళ్లు. హద్దు తగాదా, పెన్షన్, తప్పిపోయిన ఎద్దు. వాళ్లు చెప్పేది ముక్కలు ముక్కలుగా ఉండేది, సగం ఏడుపు, సగం తిట్లు. నేను దాన్ని అయ్యా తమరి దివ్య సముఖమునకు అని మొదలుపెట్టి నిలబెట్టేవాడిని. చదివి వినిపిస్తే, గదేనయ్యా నేనన్నది అని వేలిముద్ర వేసేవాళ్లు. వాళ్లు అలా అనలేదు. కానీ కష్టం మాత్రం వాళ్లదే.

మా అన్న బడి గుమ్మం తొక్కింది జీవితంలో ఒక్కసారే, నా చావు చెప్పడానికి. ఆయన దగ్గర గొర్రెలను అదిలించే మాటలున్నాయి, బేరానికి మాటలున్నాయి. తప్పైంది అనడానికి మాటలు లేవేమో. దొరికినచోట తెచ్చుకున్నాడేమో. నా కాగితం మీద వేలిముద్ర వేశాడేమో.

ఈ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే మంట పుట్టింది. చూడు, మళ్లీ ఆయనకు ఇంకో సీన్ రాసి పెడుతున్నాను.

25 జనవరి

గీత వచ్చింది. జగదీష్ ఆమెకు అంతా చెప్పేశాడు. అలిగింది. ఇంట్ల కథ అని ముందుగాల జెప్తె ఏం వోయింది తాతా అంది. తర్వాత ఒక్క నిమిషం కూడా ఆగకుండా, రెండో పార్ట్ తీద్దాం, తమ్ముడు ఎందుకు ముఖం తిప్పుకున్నడో జెప్పాలె, జనం అడుగుతున్నరు అంది. తీయవద్దన్నాను.

అయితే నిజంగ ఆయన తానం జెయ్యలేదా అని అడిగింది. రెండు రొట్టెలు తిన్నాడు, పచ్చిపులుసుతో, నేను చూశాను అన్నాను. బడి కాడికెల్లి ఇంటికి ఎంత దూరం ఉంటది అంది. మూడు మైళ్లు అన్నాను. గా మూడు మైళ్లు నువ్వు సూడలే గదా అంది.

ఏం చూడాలె, నడిచి ఉంటడు అని అరిచాను. అనురాధ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నడుసుకుంట ఏమనుకున్నడో గదే అడుగుతున్న అంది గీత, మెల్లగా. ఆయన ఏమనుకుంటే నాకేంది, నా బడి పోయింది, నా పేరు పక్కన ఎర్ర సిరా పడింది, ఆయన నవ్విండు, గది నేను సూసిన అన్నాను. ఆ పిల్ల మీద నేను ఎప్పుడూ అరవలేదు. అన్నం తినకుండానే కోదాడ బస్సెక్కింది.

26 జనవరి

మూడు మైళ్లు. ఎండ. చెప్పులు ఉన్నాయో లేవో కూడా గుర్తు లేదు.

30 జనవరి

గీతకు ఫోన్ చేశాను. ఎత్తింది. రెండో పార్ట్ తీసుకుంటే తీసుకో, నేను మాత్రం రాయను అన్నాను. నువ్వు రాయకపోతె ఎవలు రాస్తరు అంది. ఎవరూ రాయకపోతే ఏమవుతుంది అన్నాను. దానికి గీత, నీ జలుబు తగ్గిందా తాతా అని అడిగింది.

6 ఫిబ్రవరి, ఉదయం 9.20

మిర్యాలగూడ నుంచి వీడియో కాల్. జగదీష్ మిల్లులో, కోడలు బజారులో. అన్నకు కొత్త గోళీలు ఇచ్చారట, చీటీ చదవడానికి ఇంట్లో ఎవరూ లేరట. వదిన చీటీని ఫోన్ ముందు పట్టుకుంది. జర కదలకుండ పట్టు వదినా అన్నాను. 1-0-1 అని ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నంక వేసుకో అన్నాను. సరే అన్నాడు అన్న. ఫోన్ పెట్టేశారు.